పస లేని నీళ్లు

"ముందు ఆ సుత్తి కింద పెట్టండి."

కోడలు మేడమీది షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపల ఆమె భర్త ఎత్తిన సుత్తిని ఎత్తినట్టే ఆపాడు గానీ దించలేదు. ఎదురుగా బల్ల మీద అతని తమ్ముడి యంత్రం మూత ఎగిరిపోయి, నోరు తెరుచుకుని ఉంది. గోడ నిండా తెల్లటి చారలు. పొద్దున తమ్ముడు మొహం పట్టుకుని కూలబడిన చోట ఒంటి చెప్పు ఇంకా అలాగే పడి ఉంది.

"తప్పుకో. దీన్ని ఉంచితే ఇంకెవరి కళ్లు తీస్తుందో."

"ఇప్పుడు పగలగొడితే మీరే చేశారంటారు. మీ చెల్లెలు ఫోన్ చేసింది."

సుత్తి కొంచెం దిగింది.

ఆడపడుచు ఫోన్లో ఏడవలేదు. ఆమె ఓ లాయరు దగ్గర టైపిస్టు. ఏడ్చేవాళ్లని రోజూ చూసి చూసి తను ఏడవడం మానేసింది. చిన్నన్నయ్యకి రెండు కళ్లకీ కట్టు కట్టారనీ, సాయంత్రం విప్పితే గానీ చూపు సంగతి చెప్పలేమని కంటి డాక్టరు అన్నాడనీ ముక్తసరిగా చెప్పింది. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది. వాడు మంచం మీద పడుకుని ఒకటే మాట అంటున్నాడట. యంత్రం దానంతటది పొంగలేదు, ట్యాంకులో ఎవరో ఏదో కలిపారు, ఆ కలిపింది పెద్దన్నయ్యే అని. లాయరుగారు సాయంత్రం కోర్టు నుంచి రాగానే ఫిర్యాదు టైపు చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేసింది.

"ఫిర్యాదా? నా మీదా?" భర్త నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"పోయిన వారం అందరి ముందూ మీరన్న మాటేగా, ఈ డబ్బాని నా చేత్తోనే పగలగొడతానని. తీరా ఇవాళ సుత్తి పట్టుకుని నిలబడ్డారు. వాడు మాత్రం ఇంకెవర్ని అనుకుంటాడు?"

అతను సుత్తిని కిటికీ గట్టు మీద పెట్టాడు.

ఆ ఇంట్లో హైడ్రోజన్ కొత్తదేమీ కాదు. కింద బ్యాటరీల షాపు. ఛార్జింగుకి పెట్టిన ప్రతి బ్యాటరీ ఆ గ్యాసునే కక్కుతుంది. అందుకే ఛార్జింగు గదికి నాలుగు వైపులా కిటికీలే. పోయిన మామగారు ఓసారి మతిమరుపున ఆ గదిలో సిగరెట్టు వెలిగించి కనుబొమలు పోగొట్టుకున్నాడు. అవి మళ్లీ మొలిచేదాకా కాటుక పెన్సిలుతో గీసుకుని కౌంటర్లో కూర్చునేవాడని అత్తగారు ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఊరికే గాల్లో కలిసిపోయే ఆ గ్యాసుని పనిగట్టుకుని పుట్టించి మంట చేయాలన్నది మరిది పట్టుదల. దానికే వీధంతా అతనికి బుడగ అని పేరు పెట్టింది. మొదట పాత కిటికీ చట్రాల అల్యూమినియం ముక్కల్ని క్షారం నీళ్లలో వేశాడు. గ్యాసు బుసబుసా వచ్చింది, చట్రాలు మాత్రం కరిగి బూడిదరంగు బురదయ్యాయి. ఒక పూట మంటకి ఒక కిటికీ ఖర్చయితే వీధిలో ఇళ్లన్నీ విప్పుకోవాల్సిందే అని అన్న వెక్కిరించాడు. తర్వాత లోపల పలచటి పొర ఉండే రెడీమేడ్ యంత్రం గురించి వాకబు చేశాడు. ఆ పొర మీద బంగారం కంటే అరుదైన లోహాల పూత ఉంటుందని విని, అలాంటిదాన్ని పొయ్యికెందుకురా, మెడలో వేసుకుంటాను అంది అత్తగారు. చివరికి నికెల్ రేకులు, క్షారం నీళ్లు, మేడమీది సోలార్ పలకలు మిగిలాయి. రేకుల మధ్య కరెంటు పారితే నీళ్లు రెండుగా విడిపోతాయి. ఒక పక్క ఆక్సిజన్, ఇంకో పక్క హైడ్రోజన్. ఆ హైడ్రోజన్ నీళ్ల తొట్టిలో బోర్లించిన డ్రమ్ములోకి చేరి, దాన్ని మెల్లగా పైకి లేపుతుంది.

అన్నదమ్ములకి చెడింది అక్కడే. కిలో గ్యాసు తీయాలంటే యాభై యూనిట్ల పైనే కరెంటు తాగుతుంది, దాన్ని కాలిస్తే చేతికొచ్చేది ముప్పై మూడు. మిగిలిందంతా వేడై పోతుందని అన్న లెక్క. మధ్యాహ్నం పలకల మీద మిగిలిపోయే కరెంటు ఎలాగూ ఎవరికీ పనికిరాదు, దాచుకోవడమే కదా అని తమ్ముడి లెక్క.

"దాచుకోడానికే కదరా మనం బ్యాటరీలు అమ్మేది!" అని అన్న బల్ల గుద్దాడు.

"బ్యాటరీ మంటనివ్వదన్నయ్యా" అన్నాడు తమ్ముడు. అంతే. ఆ రోజు నుంచి ఇద్దరూ ఎదురుపడితే గోడల్ని చూసుకునేవారు.

మసి లేని మంట కావాల్సినవాడు పక్కవీధిలో ఉన్నాడు. ప్రయోగశాలలకి గాజు గొట్టాలు చేసే పనివాడు. రేపు వచ్చి చూస్తానన్నాడు. నచ్చితే మొదటి యంత్రం అతనికే. కానీ వారం రోజులుగా బుడగలు పలచబడ్డాయి. మరిది తిండి మీద ధ్యాస లేకుండా ఆ డబ్బా ముందే కూర్చున్నాడు. ఇవాళ పొద్దున పైనున్న ట్యాంకు కుళాయి తిప్పాడు. అదే ఆఖరు.

కోడలు గోడకి బిగించిన ఆ చిన్న ట్యాంకు వైపు చూసింది. "పస అంతా డబ్బాలోని క్షారంలోనే ఉంటుంది వదినా. కరెంటు వట్టి నీళ్లనే తింటుంది. తిన్నంత మేరకి పైనుంచి పోస్తే చాలు" అని మరిది ఆమెకి ఎన్నిసార్లు చెప్పాడో. ట్యాంకులో ఉండాల్సింది డిస్టిల్డ్ వాటర్, అంతకు మించి చుక్క కూడా ఇంకోటి ఉండకూడదు.

షాపులో ఛార్జింగు బెంచీ ఆమెది. అందుకని హైడ్రోమీటర్ ఎప్పుడూ ఏప్రన్ జేబులోనే ఉంటుంది, రాత్రిళ్లు ఆ ఏప్రన్ షాపులోనే వంకీకి వేలాడుతుంది. గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి, లోపల అంకెలు రాసిన తేలే పుల్ల. వట్టి నీళ్లలో పుల్ల మునిగి వెయ్యి అంకె దగ్గర ఆగుతుంది. యాసిడ్ ఉంటే పైకి తేలుతుంది. ఎంత పస ఉంటే అంత పైకి.

స్టూలెక్కి గొట్టం కొసని ట్యాంకులో ముంచి, బుడ్డి నొక్కి వదిలింది.

పుల్ల తేలింది. పదకొండు వందలు దాటి నిలబడింది.

"యాసిడ్" అంది. "సగం నీళ్లు, సగం మన షాపు యాసిడ్. క్షారంలో యాసిడ్ పడితే పొంగక ఏం చేస్తుంది?"

భర్త ఉలిక్కిపడతాడనుకుంది. ఇటివ్వు చూద్దాం అంటాడనుకుంది. అతను కింద పడున్న ఒంటి చెప్పుని తీసి గోడవారగా పెట్టాడు.

"మీకు ముందే తెలుసు."

అతను రెండో చెప్పు కోసం వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాడు.

"మీరే పోశారా?"

"నువ్వేమనుకుంటే అదే అనుకో."

పెళ్లయిన దగ్గర్నుంచి ఆ మనిషి ఆమె మీద విసుక్కున్నాడు, అలిగాడు, పంతాలకి పోయాడు. ఇలా తప్పుకోవడం మాత్రం ఇదే మొదలు. నేను కాదు అనడానికి రెండు మాటలు చాలు. ఆ రెండు మాటల కోసం ఆమె స్టూలు మీదే కాసేపు నిలబడింది. అవి రాలేదు.

స్టూలు దిగి, అతన్ని బయటికి నడవమని, షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

కింద అత్తగారు షాపు మూయలేదు. వీధిలో ఆవిడ పేరు బ్యాటరీ అమ్మ. భర్త పోయాక కౌంటరు, కొడుకులు, కూతురు అన్నీ ఒంటిచేత్తో లాక్కొచ్చిన మనిషి. రోజూ షట్టరు ఎత్తకముందే ముక్కున్న నీళ్ల కేను పట్టుకుని వరసగా ప్రతి బ్యాటరీకీ నీళ్లు పోయడం ఆవిడ అలవాటు. పొద్దున ఒకసారి పోసింది. ఇప్పుడు మళ్లీ పోస్తోంది. నిండినవాటిలోనే పోస్తోంది. నీళ్లు పొర్లి బెంచీ మీద నుంచి కారుతున్నాయి.

"అత్తయ్యా, అవి నిండాయి."

"నిండితే నిండనీ. చేతులు ఊరుకోవట్లేదు."

పొద్దున ఆసుపత్రిలో ఆవిడ పెట్టిన గోలకి నర్సు బయటికి పంపేసింది. అప్పట్నుంచీ ఇదే తంతు. ఇదెవరి పనో తేలేదాకా ముద్ద ముట్టనని షాపులో అందరికీ వినబడేలా రెండుసార్లు చెప్పింది. కోడలి వైపు చూసి మూడోసారి మొదలుపెట్టింది. కన్నకొడుకైనా సరే, కూతురైనా సరే, కట్టుబట్టలతో గడప దాటిస్తానంది.

కోడలికి హైడ్రోమీటర్ ఏప్రన్ జేబులో బరువుగా తగిలింది. ఈ పని వెనక ఎవరున్నారో ఆవిడకి తెలుసా? పెద్దకొడుకు మీద అనుమానం ఉండే ఇంత గట్టిగా అంటోందా? ఏమీ అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం తేలిపోయింది. సాయంత్రంలోగా మరిదితో మాట్లాడాలి.

"పదండి, ఆసుపత్రికి వెళ్దాం. ఈసారి గొడవ పెట్టకపోతే లోపలికి రానిస్తారు."

ఆటో కదిలిందో లేదో అత్తగారు మొదలుపెట్టింది. చిన్నవాడు చిన్నప్పటి నుంచీ ఇంతేనంది. ఆకలైతే అడగడు, నొప్పి అయితే చెప్పడు, పనిలో ఎక్కడ ఇరుక్కున్నాడో కూడా నోరు విప్పడు. మనమే కనిపెట్టుకుని చేసిపెట్టాలి. కోడలు ఊ కొడుతోంది గానీ ఆమె మనసంతా స్టూలు దగ్గరే ఉంది.

"ఇంత చదివాడు, ఇన్ని పరికరాలు కొన్నాడు" అంది అత్తగారు, "బ్యాటరీ సెల్లుకైనా దీనికైనా పస ముఖ్యమన్న సంగతి మర్చిపోయాడు చూడు. వట్టి వెయ్యి పెట్టుకుని కూర్చుంటే బుడగలు ఎక్కడి నుంచి వస్తాయి?"

ఆటో గతుకులో పడి లేచింది.

"ఏది వెయ్యి అత్తయ్యా?"

"వాడి ట్యాంకు. పస లేని నీళ్లు. మీ మామగారైతే ఒక్క రోజు ఊరుకునేవాడా?"

కోడలు ముందు కమ్మీని గట్టిగా పట్టుకుంది. వట్టి వెయ్యి. ట్యాంకు పక్కన నిలబడి ఊరికే చూస్తే ఆ అంకె తెలీదు. నీళ్లని గొట్టంలోకి పీల్చి, పుల్ల మునగడం కళ్లారా చూడాలి. మరిది హైడ్రోమీటర్ వాడడు. భర్త మేడ మీదికి పోయినా ఆ ట్యాంకు వైపు కన్నెత్తి చూడడు.

"ఎప్పుడు చూశారు?" అంది, వీలైనంత మామూలుగా.

"తల్లిని, చూడకుండా ఉంటానా?" అత్తగారు ముందుకి వంగి డ్రైవరు భుజం తట్టింది. "ఇక్కడే, ఇక్కడే ఆపు నాయనా."

ఆవిడ దిగి గబగబా మెట్లెక్కుతోంది. డ్రైవరు చిల్లర పట్టుకుని రెండుసార్లు పిలిచినా కోడలికి వినబడలేదు. ఆమెకి లెక్క ఒక్కొక్కటిగా అతుక్కుంటోంది. బ్యాటరీ బలహీనపడింది. హైడ్రోమీటర్ పెట్టి చూస్తే వట్టి వెయ్యి. అప్పుడు బ్యాటరీ మనిషి ఏం చేస్తుంది? ఎర్రమూత యాసిడ్ కేను తెస్తుంది. అడగని కొడుక్కి కనిపెట్టుకుని చేసిపెడుతుంది. జీవితమంతా ఏ చేత్తో వేల సెల్లులకి ప్రాణం పోసిందో ఆ చేత్తోనే.

అన్నిటికంటే ఘోరం, చేసింది తనేనని ఆవిడకి తెలీదు. తను మేలు చేసి వచ్చాక ఇంకెవడో చెడగొట్టాడనుకుంటోంది.

వార్డులో కిటికీ పక్క మంచం. మరిది కళ్ల మీద తెల్లటి కట్టు, బుగ్గల మీద ఎర్రటి మచ్చలు. పక్కన ఆడపడుచు ఒళ్లో సంచీ పెట్టుకుని నిటారుగా కూర్చుంది. వదిన పొద్దున్నే అతని తల కుళాయి కింద పెట్టి అంతసేపు కడగబట్టి కొంత ఆశ ఉందని డాక్టరు అన్నాడట. కుడికన్ను సంగతి మాత్రం ఏమీ చెప్పలేదట. ఇదంతా కోడలికే చెప్పింది గానీ, ఆ చెప్పడంలో చుట్టరికం లేదు.

"వదినా," అన్నాడు మరిది అడుగుల చప్పుడు పట్టి, "అన్నయ్య రాలేదా?"

"వస్తారు."

"నిన్న రాత్రికి ట్యాంకు సగానికి తగ్గింది. పొద్దున చూస్తే నిండుగా ఉంది. నాకెంత సంతోషమేసిందో తెలుసా? మేడ మీదికి పొద్దున్నే వచ్చేది అన్నయ్యొక్కడే కదా. కోపం పోయింది, నా కోసం నీళ్లు పోశాడనుకున్నాను." అతని చెయ్యి కట్టు అంచుని తడిమింది. "ఆ సంతోషంలో కళ్లజోడు కూడా పెట్టుకోలేదు వదినా. కుళాయి తిప్పి, బుడగలు దగ్గర్నుంచి చూద్దామని వంగాను."

అత్తగారు మంచం అంచు మీద కూర్చుని కొడుకు పాదం నిమురుతోంది.

అప్పుడొచ్చాడు భర్త. గుమ్మంలో ఆగాడు. తమ్ముడి కట్టు వైపు చూడలేదు, చెల్లెలి మొహం వైపు చూడలేదు. సూటిగా తల్లి వైపు చూశాడు. ఆ చూపులో భయం తప్ప ఇంకేమీ లేదు. పొద్దున మేడ మెట్ల మీద ఎర్రమూత కేనుతో దిగుతున్న తల్లి అతనికి ఎదురై ఉంటుందని కోడలికి ఆ క్షణంలో తెలిసిపోయింది. సుత్తి ఎందుకెత్తాడో, రెండు మాటలు నోట్లోంచి ఎందుకు రాలేదో కూడా తెలిసింది.

"ఫిర్యాదు రాయించు" అన్నాడు చెల్లెలితో. "నేనే చేశాను."

"పెద్దన్నయ్యా..."

"ట్యాంకులో కలిపాను. పొద్దున్నే. కోపంలో చేశాను. రాసుకో."

తమ్ముడు దిండు మీంచి తల ఎత్తబోయాడు. "ఎందుకన్నయ్యా? అంత గిట్టకపోతే నాతో చెప్తే నేనే విప్పేసేవాణ్ని కదా."

ఆడపడుచు సంచీలోంచి ఫోన్ తీసింది, లాయరుగారి ఆఫీసుకే అయ్యుంటుంది. అత్తగారు లేచింది. పెద్దకొడుకు ముందుకి వెళ్లి నిలబడి చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. ఆవిడ కొడుకు మొహాన్ని కాదు, చెవిని చూస్తోంది.

"అబద్ధం" అంది.

"అమ్మా..."

"నీ ఎడమ చెవి చూసుకో. చిన్నప్పుడు పలక పగలగొట్టి చెల్లెలి మీద పెట్టినప్పుడూ ఇలాగే కందింది. నువ్వు కాదురా చేసింది. ఎవర్ని వెనకేసుకొస్తున్నావు?"

అతను తల దించాడు.

అత్తగారు మెల్లగా వెనక్కి తిరిగింది. చిన్నవాడు కాక ఆ మేడ మెట్లు ఎక్కేది ముగ్గురే. ఒకరు ఈ కొడుకు, ఒకరు తను. ఆవిడ చూపు మూడో మనిషి ఏప్రన్ జేబులోంచి తొంగిచూస్తున్న రబ్బరు బుడ్డి మీద ఆగింది.

"ఓహో" అంది. "పెళ్లాన్నా."

"అమ్మా, దానికేం సంబంధం లేదు!"

"నువ్వు నోరు ముయ్యి. షాపులో నేను అన్నదానికి మాట కూడా పెగల్లేదు దీనికి. ఆటోలో తెల్లబోయి కూర్చుంది. ఎప్పుడు చూశారు, ఎప్పుడు చూశారని నన్నే ఆరా తీస్తోంది." అత్తగారు దగ్గరికొచ్చింది. గొంతు పెద్దది చేయలేదు. అది ఇంకా భయంగా ఉంది. "ఏం అమ్మాయ్, వాడి యంత్రం నిలబడితే నీ మొగుడి వాటా తగ్గుతుందనుకున్నావా?"

ఆడపడుచు ఫోన్ చెవి దగ్గరే ఉంది. అవతల ఎవరో హలో హలో అంటున్నారు. మరిది కట్టు కట్టిన మొహం గొంతులు వచ్చే దిక్కుకల్లా తిరుగుతోంది.

కోడలు భర్త వైపు చూసింది. వద్దు అని అతని కళ్లు అంటున్నాయి. అతనికి జైలైనా పర్లేదు. తమ్ముడు తనని జన్మంతా తిట్టుకున్నా పర్లేదు. అమ్మకి మాత్రం తెలియకూడదు. ఆ కళ్లు పెళ్లాన్ని ఇంకోటి కూడా అడుగుతున్నాయి. నింద నీ మీద పడినా సరే, మోసుకో అంటున్నాయి.

మోసుకునేదే. కానీ మంచం మీద ఆ మనిషి, అన్న నీళ్లు పోశాడనుకుని సంతోషంగా వంగిన మనిషి, చూపు వచ్చినా రాకపోయినా ఇక జన్మలో అన్న మొహం చూడడు.

"పేరు చెప్పు" అంది అత్తగారు. "నువ్వు కాకపోతే ఎవరో పేరు చెప్పు. నీకు తెలుసు."

"తెలుసు."

"అయితే చెప్పు. అందరూ వినేలా చెప్పు."

కోడలు జేబులోంచి హైడ్రోమీటర్ తీసి, ఆవిడ కుడిచేతిలో పెట్టి, ఆ వేళ్లని తన వేళ్లతో మూసింది.

"బుడగలు తగ్గాయని దీంతో ట్యాంకు చూసింది మీరు. వెయ్యే చూపిస్తోందని ఎర్రమూత కేను పైకి తీసుకెళ్లింది మీరు. వాడి కళ్లలో పడింది మీరు పోసిన పస అత్తయ్యా. చేసింది మీరే."